జామాయిల్ తోటని అడవి లెక్కలో ఎట్లా కలుపుతారండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలెంలో వాతావరణ సదస్సు జరిగింది కదా, అక్కడ ఒక కొత్త ఫండ్ మొదలుపెట్టారు. అడవిని నిలబెట్టుకున్న ఉష్ణమండల దేశాలకి హెక్టారుకి ఏడాదికి దాదాపు 4 డాలర్ల చొప్పున ఇవ్వాలని, అందులో కనీసం 20 శాతం అడవుల్లో బతికే ఆదివాసులకి చేరాలని దాని రూలు. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన, ఆ లెక్కన మన దగ్గర అడవిని కొలవాలంటే ఏది అడవి అని చూపిస్తాం?

నేను ఇల్లందు వైపు ఏజెన్సీ ఊళ్ళల్లో ముప్ఫై ఏళ్ళు టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మార్చి నెలలో తెల్లారకముందే కోయ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఇప్పపూలు ఏరడానికి ఇప్పచెట్ల కిందకి పోతారు, పిల్లలు కూడా వాళ్ళ వెంటే, అందుకే ఆ నెలలో నా క్లాసు సగం ఖాళీగా ఉండేది. ఒక్క ఇప్పచెట్టు మీద ఒక ఇంటికి కొన్ని వారాలు గడుస్తుంది. తర్వాత తునికాకు, ఆ తర్వాత బంక, తేనె. అదే దారిలో ఇంకో రెండు కిలోమీటర్లు పోతే జామాయిల్ ప్లాంటేషన్ వస్తుంది, వరసగా గీత గీసినట్టు చెట్లు, కింద ఎండాకులు తప్ప ఒక పొద లేదు, పిట్ట కూత లేదు, నాలుగైదేళ్ళకి మొత్తం కొట్టేసి పేపర్ మిల్లుకి లారీల్లో పంపిస్తారు. ఈ రెండూ మన దేశం లెక్కల్లో ఒకటే, రెండిటి పేరూ అడవే!

నేను ఊరికే అనట్లేదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ నిర్వచనం ప్రకారం హెక్టారు లేదా అంతకన్నా ఎక్కువ జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, అది ఎవరి భూమైనా సరే, ఏ చెట్టైనా సరే, అటవీ విస్తీర్ణం కిందకే వస్తుంది. మామిడి తోట, కొబ్బరి తోట, జామాయిల్, అన్నీ. 2023 రిపోర్టులో దేశం మొత్తం మీద 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 21.76 శాతం అడవి ఉందని వచ్చిన అంకె ఇట్లా కలిపిందే. ఇంత కలిపినా కూడా అదే రిపోర్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండిట్లోనూ అంతకుముందు లెక్కతో పోలిస్తే వంద చదరపు కిలోమీటర్లకి పైగా తగ్గింది, మరి తోటలు తీసేసి చూస్తే అసలు అడవి ఎంత పోయిందో ఆలోచించండి.

కార్బన్ విషయానికొస్తే ఇదే అసలు సమస్య. ప్రపంచంలో మనుషుల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పదో వంతు అడవులు నరకడం, తగలబెట్టడం వల్లే వస్తోంది. 2005లో మాంట్రియల్ వాతావరణ సదస్సులో పాపువా న్యూగినియా, కోస్టారికా దేశాలు ఒక మాట అడిగాయి, నరకొద్దు అని ఊరికే చెప్తే పేద దేశం ఎట్లా వింటుంది, నరకకుండా ఆపినంత మేరకి మాకు డబ్బులివ్వండి అని. అక్కడ మొదలైందే రెడ్ ప్లస్ అనే పద్ధతి. బ్రెజిల్ 2008లో పెట్టిన అమెజాన్ ఫండ్‌కి నార్వే వంద కోట్ల డాలర్లకి పైనే ఇచ్చింది.

బ్రెజిల్ ఏం చేసిందంటే ప్రతి ఏడాదీ శాటిలైట్‌తో చూసి, మొదటి నుంచీ ఉన్న అడవి ఎంత నరికారో అంతా లెక్కేసింది, ఇంకోచోట మొక్కలు నాటాం కాబట్టి ఇంత తీసేయండి అనడానికి అందులో చోటు లేదు. నరికినవాళ్ళకి జరిమానాలు వేశారు, 2008 నుంచి రూల్స్ పాటించని వాళ్ళకి బ్యాంకు అప్పులు ఆపారు, ఆదివాసుల భూములకి హద్దులు వేసి ఇచ్చారు. 2004లో అమెజాన్ అడవి 27,772 చదరపు కిలోమీటర్లు పోయింది, 2012కి 4,571కి దిగింది. తర్వాత ప్రభుత్వం నిఘా వదిలేస్తే 2021లో 13,038కి ఎగబాకింది, మళ్ళీ పట్టుకున్నాక 2024లో దాదాపు 6,500కి దిగింది. పెరిగినప్పుడు పెరిగిందని, తగ్గినప్పుడు తగ్గిందని లోకమంతా చూసింది. మన దగ్గర అట్లా చూసే వీలే లేదు, ఎందుకంటే ఇక్కడ పోయిన అడవిని అక్కడ పెంచిన తోట కప్పేస్తుంది. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకి 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం ఇస్తూ, బదులు మొక్కలు హర్యానాలో పెడతాం అన్నారు, సముద్రం మధ్యలో ఉన్న అడవికీ హర్యానాకీ ఏం సంబంధమండీ?

పోడు వల్ల అడవి పోలేదని నేను అనను, పోయింది, గుట్టలు తగలబడుతుంటే స్కూలు వరండాలో నిలబడి చూసినవాణ్ణే. కానీ 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకి పైగా ఇచ్చిన పోడు పట్టాలు సాగు చేసుకునే భూమికి ఇచ్చినవి. 2006 అటవీ హక్కుల చట్టంలో ఊరు ఊరంతా కలిసి అడవిని కాపాడుకునే సామూహిక హక్కు కూడా ఉంది, దాని గురించి అడిగేవాళ్ళే తక్కువ. గ్రామసభ చేతిలో ఆ హక్కు పెట్టి, నిలబెట్టిన అడవికి వచ్చే డబ్బులు గ్రామసభ ఖాతాలోనే వేస్తే ఇప్పచెట్టు మీద గొడ్డలి పడకుండా వాళ్ళే చూసుకుంటారు, ఎందుకంటే ఆ చెట్టు విలువ వాళ్ళకి తెలిసినంతగా ఏ ఆఫీసరుకీ తెలియదు.

మీ పేపర్ వాళ్ళకి నా విన్నపం ఒకటే. వచ్చే అటవీ రిపోర్టు విడుదలైనప్పుడు "అడవి పెరిగింది" అని హెడ్డింగ్ పెట్టేముందు అందులో తోటలెంత, అసలు అడవెంత అని అధికారుల్ని అడగండి, జిల్లాల వారీగా రెండంకెలూ పక్కపక్కన వేయండి. మా జిల్లా అంకెల కోసం నేను ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, ఇల్లందు