లెవెల్స్ సరే, కెపాసిటర్ల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ సైన్స్ పేజీలో మల్టీలెవెల్ కన్వర్టర్ల (డీసీని చిన్న చిన్న వోల్టేజీ మెట్లుగా పేర్చి ఏసీగా మార్చే సర్క్యూట్ల) మీద వేసిన వ్యాసం చదివానండీ, బాగుంది గానీ లెవెల్స్ (ఆ మెట్లు) పెంచితే హార్మోనిక్స్ (అవుట్‌పుట్‌లో కలిసే అనవసరపు ఫ్రీక్వెన్సీలు) తగ్గుతాయని చెప్పి అక్కడితో ఆపేశారు, అసలు ఆ లెవెల్స్ ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పలేదు. చాలా సర్క్యూట్లలో అవి కెపాసిటర్ల మీద ఉండే వోల్టేజీలే కదా. అవి సమానంగా లేకపోతే వేవ్‌ఫామ్ చెడిపోవడం ఒక్కటే కాదు, ఎక్కువ వోల్టేజీ పడ్డ స్విచ్ రేటింగ్ దాటి కాలిపోవచ్చు కూడా.

1981లో నబే, తకహాషి, అకాగి పేపర్లో వచ్చిన త్రీ లెవెల్ ఎన్‌పీసీ (న్యూట్రల్ పాయింట్ క్లాంప్డ్, అంటే రెండు కెపాసిటర్ల మధ్య ఉండే మిడ్ పాయింట్‌ని కూడా ఒక లెవెల్‌గా వాడే) ఇన్వర్టరే చూడండి. రెండు కెపాసిటర్లు డీసీ బస్‌ని (లోపలికి వచ్చే డీసీ వోల్టేజీని) చెరిసగం పంచుకోవాలి, కానీ ఏ ఫేజ్ అయినా మిడ్ పాయింట్‌కి తగిలినప్పుడు అక్కడ కరెంట్ పారి ఒకదాని వోల్టేజీ పెరుగుతుంది ఇంకోదానిది తగ్గుతుంది. నయం ఏంటంటే స్మాల్ వెక్టర్లు (తక్కువ వోల్టేజీ ఇచ్చే స్విచ్ కాంబినేషన్లు) జంటలుగా ఉంటాయి, జంటలో రెండూ లోడ్‌కి ఇచ్చే వోల్టేజీ ఒకటే, మిడ్ పాయింట్ కరెంట్ మాత్రం ఒకదాంట్లో ఇటు ఇంకోదాంట్లో అటు, అందుకని ఏదాన్ని ఎంతసేపు వాడాలో కంట్రోలర్ చూసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మీడియం వెక్టర్లకి (మధ్యరకం వోల్టేజీ ఇచ్చేవాటికి) ఆ జంట లేదు, అక్కడే తలనొప్పి. మాడ్యులేషన్ ఇండెక్స్ (ఉన్న డీసీలో ఎంత అవుట్‌పుట్ వోల్టేజీ తీస్తున్నామనే కొలత) ఎక్కువై పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంట్ ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పేది) తగ్గితే మిడ్ పాయింట్ ఫండమెంటల్‌కి (అవుట్‌పుట్ అసలు ఫ్రీక్వెన్సీకి) మూడు రెట్ల ఫ్రీక్వెన్సీతో ఊగుతూనే ఉంటుంది. ఇదే డయోడ్ క్లాంప్‌తో (డయోడ్లతో లెవెల్స్‌ని పట్టి ఉంచే పద్ధతితో) ఐదు లెవెల్స్‌కి పోతే, ఎక్కువ మాడ్యులేషన్‌లో రియల్ పవర్ (లోడ్ నిజంగా వాడుకునే పవర్) ఇస్తున్నప్పుడు ఒక్క స్విచింగ్‌తో బ్యాలెన్స్ కుదరదు, విడిగా సర్క్యూటో, బ్యాక్ టు బ్యాక్ (ఒకే డీసీ బస్‌కి అటొకటి ఇటొకటి కలిపిన) కన్వర్టరో కావాలి.

ఎంఎంసీలో, అంటే మాడ్యులర్ మల్టీలెవెల్ కన్వర్టర్‌లో (2010లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర 400 మెగావాట్ల ట్రాన్స్ బే అనే నీటి అడుగు డీసీ విద్యుత్ కేబుల్‌లో వాడింది ఇదే) పద్ధతి వేరు. ఇందులో ఒక్కో ఆర్మ్ అంటే కెపాసిటర్ ఉన్న చిన్న సబ్‌మాడ్యూల్స్ వరస. ఆర్మ్ కరెంట్ ఛార్జ్ చేసే దిశలో ఉంటే తక్కువ వోల్టేజీ సబ్‌మాడ్యూల్స్‌ని, డిశ్చార్జ్ దిశలో ఉంటే ఎక్కువ ఉన్నవాటిని లోపలికి తీసుకుంటారు. సింపుల్‌గానే ఉంది, కానీ ప్రతి శాంపిల్‌కీ సార్ట్ చేసి మారుస్తూ పోతే స్విచింగ్ లాసెస్ పెరిగిపోతాయి కాబట్టి కొంత తేడాని కావాలనే వదిలేస్తారు.

మీరు వేసిన సిమ్యులేషన్ బొమ్మలో చూస్తే కెపాసిటర్లే లేవు, వాటి బదులు ఫిక్స్‌డ్ డీసీ సోర్సులు పెట్టేశారు, మరి అవుట్‌పుట్ అంత నీట్‌గా రాక ఏమవుతుంది? చాలా స్టూడెంట్ ప్రాజెక్టుల్లోనూ ఇదే తంతు. ఈసారి కెపాసిటర్లు పెట్టి, ఒకదాన్ని కావాలనే తక్కువ వోల్టేజీతో స్టార్ట్ చేసి ఆ గ్రాఫ్ కూడా వేయండి ప్లీజ్.

— ఒక పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు