బిగ్ బజార్ మూతకు ఆన్‌లైన్ ఒక్కటే కారణమా?

సంపాదకుడు గారికి,

పెద్ద షాపులు మూతపడ్డ ప్రతిసారీ తప్పంతా ఆన్‌లైన్ మీదకి తోసేయడం సరికాదండీ. బిగ్ బజార్‌నే తీసుకోండి, 2001లో మొదలై అప్పులతో దేశమంతా విస్తరించింది, కొవిడ్‌లో అమ్మకాలు పడిపోయి అద్దెలు కట్టలేకపోయింది, 2020లో వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మబోతే అమెజాన్ అడ్డుపడింది, ఆ గొడవ తెగకముందే 2022లో చాలా షాపుల లీజులు చేతులు మారిపోయాయి. అదే ఏడాది బిగ్ బజార్‌ను నడిపిన కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2009లో మూతపడ్డ కిరాణా షాపుల సంస్థ సుభిక్షదీ డబ్బు కటకటే.

బ్యాంకుల బాకీల గురించి అందరూ రాశారు, మరి బిల్లింగ్ కౌంటర్లలో రోజంతా నిలబడ్డ పిల్లల సంగతేంటి? అరువు మీద సరుకిచ్చిన చిన్న వ్యాపారుల వంతు, ఆస్తులు అమ్మి పంచేటప్పుడు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల తర్వాతే. ఈ వరుస మార్చమని మీ పత్రిక గట్టిగా అడగాలి.

– ఒక పాఠకురాలు, వరంగల్