మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పుస్తకాలతో ఏం చేశాం

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు, మెంబర్‌షిప్ రెన్యువల్ వివరాలు విడిగా పంపేశాం కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయట్లేదు, ఈ నివేదికంతా ఈ ఏడాది మనం మొదలుపెట్టిన పుస్తకాల పని గురించే.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఏమనుకున్నామో గుర్తుందిగా, శరీరం తనమీద తనే దాడి చేసుకునే జబ్బుల్లో లూపస్ అనో, కీళ్ళు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనో కొత్తగా తేలినవాళ్ళకి ముందు ఒక మంచి పుస్తకం చేతిలో పెడదాం, నెట్‌లో ఏదేదో వెతుక్కుని భయపడకుండా ఉంటారు అని. ఉద్దేశం మంచిదే కానీ మొదటి మూడు నెలలు మనం తప్పే చేశాం. డాక్టర్లు రాసిన లావుపాటి పుస్తకం నేరుగా పేషెంట్ చేతికే ఇచ్చేశాం. ఒకావిడ రాత్రి కూర్చుని కిడ్నీల చాప్టర్ మొత్తం చదివేసింది, ఆవిడ టెస్టుల్లో కిడ్నీల సమస్యే లేదు, అయినా రెండు వారాలు సరిగా నిద్రపోలేదు. ఆ విషయం వాళ్ళాయన ఫోన్ చేసి చెప్తే గానీ మాకు తెలియలేదు. అమ్మా, ఇది చదివితే మీరు క్షమిస్తారనే అనుకుంటున్నాం. అప్పటినుంచి లావు పుస్తకం ముందు ఇంట్లో చూసుకునేవాళ్ళకే ఇస్తున్నాం, అది కూడా ఇప్పుడు చదవాల్సిన పేజీలకి స్లిప్పులు పెట్టి, మిగతావి అవసరం పడినప్పుడు చూడొచ్చు అని చెప్పి మరీ ఇస్తున్నాం.

ఇంకో సంగతి, ఇది అసలు మనకే ముందు తట్టాల్సింది. పొద్దున్నే వేళ్ళు వాచి పిడికిలి ముడవలేని మనిషి ఆరువందల పేజీల పుస్తకం ఎలా పట్టుకుంటారు? షోగ్రెన్స్ అనే ఇలాంటి ఇంకో జబ్బు ఉన్నవాళ్ళకి కళ్ళు ఎండిపోయి పది నిమిషాలు చదివేసరికి మంట. అందుకని పెద్ద పుస్తకాన్ని విడదీసి మూడు భాగాలుగా స్పైరల్ బైండింగ్ చేయించాం, ఒళ్ళో తెరిచి పెడితే పేజీలు వాటంతటవే మూసుకుపోవు. కొన్ని చాప్టర్లు మన వాలంటీర్లు చదివి తెలుగులో చెప్తూ రికార్డ్ చేసి అడిగినవాళ్ళకి వాయిస్ మెసేజ్‌గా పంపారు. ఏడాది మొత్తంలో అందరూ బాగుందన్నది ఈ వాయిస్ మెసేజ్‌ల పనే.

పుస్తకం తీసుకునే ముందు ఏ ఏడాది ఎడిషనో చూడటం మనం నేర్చుకున్న ఇంకో పాఠం. విరాళంగా వచ్చిన వాటిలో చాలా పాతవి ఉన్నాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి బయలాజిక్స్ అనే ఇంజెక్షన్లు 1998 నుంచి వచ్చాయి, అంతకు ముందు పుస్తకం చదివితే కీళ్ళు వంకరపోవడం ఖాయం అన్నట్టే ఉంటుంది. లూపస్‌కి బెలిముమాబ్ 2011లో వచ్చింది, ఆ జబ్బుకి యాభై ఏళ్ళ పైన గ్యాప్ తర్వాత అనుమతి వచ్చిన కొత్త మందు అది, పాత ఎడిషన్‌లో దాని ఊసే ఉండదు. అలాంటివన్నీ షెల్ఫ్‌లోంచి తీసేశాం. మందులన్నీ మానేసి ఫలానా పద్ధతి పాటిస్తే జబ్బు పూర్తిగా పోతుంది అని చెప్పే పుస్తకాలు కూడా తీసేశాం, దీనిమీద ఇద్దరు ముగ్గురు సభ్యులు బాధపడ్డారు, అయినా మా నిర్ణయం మారదు. నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ వెంటనే అందుకోలేదు, ప్రాణం మీదకి వస్తుంది. అదే మెథోట్రెక్సేట్ అనే మందు ఈ జబ్బులకి వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సింది, పొరపాటున రోజూ వేసుకుంటే అంతే ప్రమాదం. ఇలాంటివి స్పష్టంగా చెప్పే పుస్తకమే మనకి కావాలి.

ఇక చూసుకునేవాళ్ళ సంగతి. వీళ్ళకి ఏ పుస్తకం ఇవ్వాలా అని చాలా ఆలోచించాం. చివరికి ఎక్కువమంది చేతులు మారింది సుసన్నా కహలన్ రాసిన 'బ్రెయిన్ ఆన్ ఫైర్'. 2009లో ఆమెకి ఇరవై నాలుగేళ్ళు, న్యూయార్క్ పోస్ట్‌లో రిపోర్టర్, ఉన్నట్టుండి మనుషుల మీద అనుమానాలు, ఫిట్స్, మాట తడబడటం, అందరూ మానసిక సమస్యే అనుకున్నారు. చివరికి ఒక డాక్టర్ గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ కుడివైపే వేసింది, అక్కడ ఆయనకి అర్థమైంది మెదడులో వాపు ఉందని, శరీరం తన మెదడు మీద తనే దాడి చేస్తోందని. ఆ జబ్బుని డాక్టర్లు గుర్తించి అప్పటికి రెండేళ్ళే, 2007లో. మన సభ్యుల్లో చాలామందిది వేరే జబ్బే కానీ, రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు అని విన్న రోజులు అందరికీ ఉన్నాయి కదా.

మాకు మాత్రం ఆ పుస్తకంలో బాగా పట్టుకున్నది వేరే. ఆమెకి ఆ నెల రోజులు దాదాపు ఏమీ గుర్తులేవు. ఆస్పత్రి రికార్డులు, వీడియోలు, వాళ్ళ నాన్న రాసుకున్న డైరీ, ఇవన్నీ కలిపితేనే ఆ కథ రాయగలిగింది. విడిపోయిన అమ్మానాన్నలు డ్యూటీల్లా మారిమారి వస్తూ ఒకే నోట్‌బుక్‌లో ఒకరికొకరు రాసి పెట్టుకునేవాళ్ళు. ఇది మీటింగ్‌లో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి, నేను ఆరేళ్ళుగా మా ఆవిడ పక్కనే ఉన్నాను, ఏ మందు ఎప్పుడు మార్చారని డాక్టర్ అడిగితే చెప్పలేకపోయాను అన్నారు. రూమంతా కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అలా పుట్టిందే మన నోట్‌బుక్. తేదీ, ఎక్కడ నొప్పి, పొద్దున కీళ్ళ బిగుతు ఎంతసేపు ఉంది, మందు డోసు, డాక్టర్ ఏమన్నారు, ఇంతే గళ్ళు. చివరి గడి మాత్రం చూసుకునేవాళ్ళది, మీరు ఎన్ని గంటలు పడుకున్నారు అని. మొదట్లో దాన్ని అందరూ ఖాళీగా వదిలేశారు, తర్వాత ఒకరిద్దరు నింపడం మొదలుపెట్టాక మిగతావాళ్ళూ రాస్తున్నారు.

స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ వాళ్ళు తయారుచేసిన సెల్ఫ్ మేనేజ్‌మెంట్ పుస్తకం కూడా కొంతమంది గ్రూపుగా చదివారు. అందులో ఒక్క చిట్కా అందరికీ పనికొచ్చింది, ఈ వారం నేను చేయగలిగిన చిన్న పని ఒకటి అనుకుని, చేస్తానన్న నమ్మకం సున్నా నుంచి పదిలో ఎంతో వేసుకోవడం, ఏడు కన్నా తక్కువ వస్తే పనిని ఇంకా చిన్నది చేసుకోవడం. రోజూ అరగంట నడక అని రాసుకుని నాలుగు వేసుకున్న అమ్మాయి, దాన్ని వారానికి మూడు రోజులు పది నిమిషాలు అని మార్చుకుంది, ఫ్లేర్ వచ్చిన, అంటే జబ్బు ఒక్కసారిగా ఎక్కువైన వారం తప్ప మానలేదు.

వచ్చే ఏడాదికి రెండు పనులు. పిల్లలకి జువెనైల్ ఆర్థరైటిస్ (చిన్న వయసులోనే వచ్చే కీళ్ళ వాపు) ఉన్న తల్లిదండ్రుల కోసం విడిగా ఒక షెల్ఫ్, ఇంకా వాయిస్ రికార్డింగ్‌లకి మరో నలుగురు చదివేవాళ్ళు కావాలి, గొంతు బాగుండక్కర్లేదు, నిదానంగా చదివితే చాలు. తీసుకున్న పుస్తకాలు ఇంకా ఇంట్లోనే ఉంటే దయచేసి వచ్చే మీటింగ్‌కి తెచ్చి ఇవ్వండి. మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకున్నవి మాత్రం చెరపకండి, తర్వాత తీసుకునేవాళ్ళు ముందు వాటినే చదువుతున్నారు.