సపోటా ఐస్‌క్రీమ్ ఒక డబ్బా ఉంచాను

సింగరాయకొండ,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అబ్బయ్యకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే మీటింగ్ ఉందంటున్నావు, అందుకని తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. పెద్ద విషయమేమీ లేదు. కందుకూరు రోడ్డులో కొత్తగా ఐస్‌క్రీమ్ షాపు పెట్టారు. నీకు చిన్నప్పటి నుంచీ ఐస్‌క్రీమ్ అంటే ప్రాణం కదా, చెబుదామని.

మొన్న మీ అమ్మను స్కూటీ మీద తీసుకెళ్లాను. కప్పు 40 రూపాయలు. పోయిన సంక్రాంతికి ఒంగోలులో నువ్వు తినిపించినదానికి 120 తీసుకున్నారు, రుచిలో ఇది దానికేం తీసిపోదు. అన్నట్టు నీ బండి చైను వదులుగా ఉందన్నావు, సర్వీసింగ్‌కు ఇచ్చావా?

28 ఏళ్లు పాలకేంద్రంలో వెన్న శాతం చూసినవాణ్ణి, ఆ రేటుకు అంత చిక్కని సరుకంటే వెంటనే నమ్మలేదు. షాపు కుర్రాణ్ణి అడిగితే డబ్బా తిప్పి చూపించాడు. లోఫ్యాట్, మీడియం ఫ్యాట్ అని రాస్తే తప్ప, ఐస్‌క్రీమ్‌లో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పామాయిల్ లాంటివి వేసి చేస్తే దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనే రాయాలి. నువ్వు కొనేటప్పుడు కూడా ఆ చిన్న అక్షరాలు చదువు.

ఇంకొకటి గాలి. చిలికేటప్పుడు గాలి ఎక్కిస్తారు. అసలు లేకపోతే రాయిలా గడ్డకడుతుంది, మరీ ఎక్కువైతే నోట్లో నురగలా పోతుంది. లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలని రూలు. మనం మిల్లీలీటర్లు చూసి కొంటాం, బరువు ఎవరూ చూడరు. ఈ అబ్బాయి అరలీటరు డబ్బాను రమణ బాబాయి కొట్లో కాటా మీద పెట్టించాను. డబ్బా బరువు తీసేస్తే 410 గ్రాములు! పక్కనే బాబాయి అమ్మే అరలీటరు పెడితే 290. మరి ఎలా గిట్టుతుందయ్యా అంటే, తెల్లారే పక్క ఊళ్ల గేదెపాలు వస్తాయి, సపోటాలు ఉలవపాడు నుంచి, షాపు వెనక గదిలోనే తయారీ, దూరం నుంచి చల్లటి వ్యానులో తేవాల్సిన ఖర్చు లేదు అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు తగ్గింది కదా, అదీ కలిసొచ్చిందట. ఆరు రకాలే చేస్తాడు. చాలు, మంచివి ఆరు చాలు.

ఆ కాటా దగ్గరే బాబాయి ఒక మాట అన్నాడు. వాళ్ల అల్లుడికి నువ్వు మియాపూర్ బస్టాపులో కనిపించావట. బండేదని అడిగితే అమ్మేశానన్నావట. ఎండలో బస్సుల కోసం నిలబడుతున్నావేమో, గొడుగు దగ్గర పెట్టుకో. మీ అమ్మకు ఈ మాట చెప్పలేదు. రాత్రిపూట పెరుగన్నం తింటున్నావా?

పాకల నుంచి ఒకాయన మన కేంద్రానికి పాలు పోసేవాడు. పేరెందుకులే. పూటకు ఆరు లీటర్లు, ఏనాడూ వెన్న 7కు తగ్గలేదు. ఒకరోజు పాలలో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటరు వేస్తే ఎప్పుడూ లేనంత లోతుకు దిగింది. నీళ్లు. అనుమానం తీరక గొట్టంలో యాసిడ్ పోసి, పాలు పోసి, మిషన్‌లో తిప్పి చూశాను. వెన్న 4. పుస్తకంలో రాసి పాలు తిప్పి పంపాను. ఆయన తల వంచుకుని క్యాను తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు రాలేదు. సైకిలేసుకుని వెళ్లి చూస్తే గేదెకు పొదుగువాపు. పాలు సగానికి పడిపోయాయి. పాల డబ్బుల్లోంచి బ్యాంకు వాయిదా కట్టాలి, ఇంట్లోవాళ్లకు తెలిస్తే దిగులుపడతారని నీళ్లు కలిపి లెక్క సరిపెట్టాడు. ఆస్పత్రికీ తోలుకుపోలేదు, తోలుకుపోతే ఊరంతా తెలుస్తుందని. చివరికి రెండు చన్నులు ఎండిపోయాయి. మొదటి రోజే ఎవరితోనైనా చెప్పి ఉంటే నాలుగు సూదులతో పోయేది. మొదటి రోజే నేను “ఏమైందయ్యా” అని అడిగి ఉన్నా పోయేది. పాలు కొలిచాను గానీ మనిషిని అడగలేదు. ఇప్పటికీ అది నాకు బాధే.

అందుకే అడుగుతున్నాను అబ్బయ్యా, ఏమైంది? ఉద్యోగం పోయిందా? ఎవరికైనా బాకీ పడ్డావా? ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. క్రెడిట్ కార్డుకు మినిమం కట్టి ఊరుకోవద్దు, వడ్డీ మీద వడ్డీ పడుతుంది. అద్దె ఎంత బాకీ ఉందో, చేతిలో ఎంత ఉందో ఒక కాగితం మీద రాసుకో. చూశావా, నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. బండి పోతే పోయింది. దాని గురించి నేను ఒక్క మాట అనను. నా డిపాజిట్ వచ్చే నెల చేతికొస్తుంది, దానితో నాకు వేరే పనేమీ లేదు.

సపోటా డబ్బా ఒకటి నీకోసం ఫ్రిజ్‌లో పెట్టాను. మీ నాయనమ్మ చల్లనీళ్లకని మాటిమాటికీ తలుపు తీస్తోంది. ఐస్‌క్రీమ్ కరిగి మళ్లీ గడ్డకడితే ఇసుకలా పలుకులు వస్తాయి, ఆ నునుపు పోతుంది. శనివారం లోపల రా. ఏ రైలుకొస్తావో మెసేజ్ పెట్టు, స్టేషన్ బయట స్కూటీతో ఉంటాను.

నాన్న