పరుగు కన్నా ముందు పేరు

సంపాదకుల వారికి నమస్కారం.

అగ్నివీర్ నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ పత్రికల్లో పరుగు గురించే ఎక్కువ రాస్తారు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేస్తే 60 మార్కులు, పది పులప్స్ తీస్తే 40, తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి. అవన్నీ కావలసినవే. కానీ సైన్యం భర్తీ ర్యాలీలకు పిల్లల్ని తయారు చేస్తూ, మరోపక్క రిటైరై వచ్చినవాళ్ల పింఛను కాగితాలు సరిచేయిస్తున్న మాజీ సైనికులుగా మేం చెప్పేది వేరే. మన కుర్రాళ్లను భర్తీ నుంచి పింఛను దాకా వెంటాడేది పేరులో తేడా.

మనకు ఇంటిపేరు ముందుంటుంది. బడిలో దాన్ని ఒక్క పొడి అక్షరం చేస్తారు. ఆధార్‌లో పూర్తిగా రాస్తారు. పాన్ కార్డులో చివరికి తోసేస్తారు. మెమోలో ‘కె. వెంకట రమణ’ ఆధార్‌లో ‘కొండేటి వెంకటరమణ’ అవుతాడు. ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు. సైన్యంలో మాత్రం వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. అభ్యర్థి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే రికార్డులోకి అలాగే ఎక్కుతాయి. అందుకని మెమోను బట్టి ఆధార్‌ను మార్పించుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, అక్కడే నెలలు పోతాయి. మెమోలోనే తప్పుంటే హెడ్మాస్టర్ ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అది వారంలో తేలే పని కాదు, ర్యాలీ తేదీ వచ్చాక మొదలుపెడితే అందదు. తల్లి పేరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మెమోలో ‘లక్ష్మి’, రేషన్ కార్డులో ‘వెంకట లక్ష్మి’, ఆధార్‌లో ‘మహాలక్ష్మి’ ఉన్న ఇళ్లు మనకు కొత్తేమీ కాదు.

ర్యాలీకి పట్టుకెళ్లాల్సినవి ముందే పోగేసుకోవాలి. తహసీల్దార్ ఇచ్చే నేటివిటీ, కుల ధ్రువపత్రాలు, బడి నుంచి ఒకటి, సర్పంచ్ నుంచి ఒకటి క్యారెక్టర్ సర్టిఫికెట్లు, పెళ్లి కాలేదని పత్రం, నోటరీ చేయించిన పది రూపాయల స్టాంపు పేపరు అఫిడవిట్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఈమధ్య దిగిన ఫొటోలు ఇరవై. సర్పంచ్ ఇచ్చే పత్రాలు ఆరు నెలల లోపువే చెల్లుతాయి, వాటి మీద ఫొటో కూడా ఉండాలి. నిరుడు వాడిన పత్రమే మళ్లీ తీసుకెళ్లి గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు ఎంతోమంది.

మెడికల్‌లో పోయేవాటిలో ముందుగా చూపించుకుంటే నయమయ్యేవీ ఉన్నాయి. చెవిలో గుబిలి, పుచ్చిన పళ్లు అలాంటివి. చదునుపాదం, నిలబడితే మోకాళ్లు ఆనుకోవడం లాంటివి సాధనతో పోవు. ఏడాదిపాటు గ్రౌండు చుట్టూ పరిగెత్తాక ఆ సంగతి తెలుసుకునే బదులు మొదటి వారమే ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించాలి. అన్‌ఫిట్ అన్నంతమాత్రాన అంతా అయిపోయినట్టు కాదు, మిలటరీ ఆసుపత్రిలో రీ-మెడికల్‌కు వెళ్లే హక్కుంది. ఇచ్చిన గడువు దాటితే అదీ పోతుంది.

2025 నుంచి రాత పరీక్ష తెలుగులోనూ రాయనిస్తున్నారు, మంచి మార్పు. కానీ శిక్షణలో వినిపించే మాట హిందీయే. తొలి అగ్నివీరులకు 2023లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ఇచ్చిన శిక్షణ 31 వారాలు, అందులో మొదటి పది బేసిక్. ఆ పది వారాల్లోనే కాళ్లు దెబ్బతింటాయి. ఇసుకలో, మెత్తటి నేల మీద స్పోర్ట్స్ షూతో పరిగెత్తినవాడు ఒక్కసారిగా బూట్లు తొడిగి గట్టి నేల మీద డ్రిల్లు చేసేసరికి మోకాలి కింద ముందరి ఎముకలో సన్నటి చీలిక వస్తుంది. వేలితో నొక్కితే ఒక్కచోటే జివ్వుమంటుంది. తర్వాతి బ్యాచ్‌లోకి తోసేస్తారన్న భయంతో నొప్పి దాచి మూడు వారాలు లాగుతారు. చీలిక కాస్తా విరుగుతుంది. సిక్ రిపోర్ట్‌లో, అంటే యూనిట్ డాక్టరుకు చూపించుకునే రికార్డులో, రాయించుకోని గాయం కాగితం మీద లేనట్టే. పదేళ్ల తర్వాత ఆ కాలు మొరాయించినప్పుడు అది డ్యూటీలో తగిలిన దెబ్బేనని చూపడానికి ఏ ఆధారమూ ఉండదు. విరిగిందా, బెణికిందా అని చూడకుండా ఇంజురీ రిపోర్టు అడగాలి, దాని నకలు దాచుకోవాలి.

విదేశీ డ్యూటీ మాట. లెబనాన్‌కు 1998లో మన బెటాలియన్ వెళ్లింది. కాంగోలో, దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి నీలి టోపీ కింద మనవాళ్లు పనిచేశారు. ఎంపిక కావాలంటే మెడికల్ కేటగిరీ షేప్-1, అంటే పూర్తి ఫిట్, ఉండాలి. ఆఫ్రికా వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది, పారేయకండి. డ్రైవర్లకు ఇంకో సంగతి: ఈ మూడు దేశాల్లోనూ బండి రోడ్డుకు కుడివైపున నడపాలి. మలేరియా మాత్రలు అక్కడ ఉన్నన్నాళ్లు వేసుకుని ఇల్లు చేరగానే మానేస్తారు. వారానికొకటి వేసుకునే మెఫ్లోక్విన్ అయినా, రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ అయినా తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు ఆపకూడదు. సెలవులో జ్వరం వస్తే ఊళ్లో డాక్టరుకు ముందుగా చెప్పాల్సిన మాట ‘ఆఫ్రికా నుంచి వచ్చాను’ అని.

బయల్దేరే ముందు తప్పకుండా చూసుకోవాల్సింది పార్ట్-2 ఆర్డరు. పెళ్లి, పిల్లల పుట్టుక సర్వీసు రికార్డులోకి ఎక్కేది దాని ద్వారానే. పెళ్లయి నాలుగేళ్లయినా ఆర్డరు పడని జవాన్లున్నారు. ఆర్డరులో భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో పడి, ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. బతికున్నన్నాళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ తెలియదు. జవాను పోయాక కుటుంబ పింఛను కోసం ఆవిడ అఫిడవిట్లు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, బ్యాంకుకు, సైన్యం రికార్డ్స్ ఆఫీసుకు తిరుగుతుంది. పింఛన్లు రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ అయిన స్పర్శ్ పోర్టల్‌లోకి మారాక అక్షరం తేడా కూడా బయటపడుతోంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి, ప్రపంచ యుద్ధాల నాటి నుంచి సైన్యానికి మనుషుల్నిచ్చిన ఊళ్లలో పెద్దలు కొత్త కోడలు రాగానే ఈ సంగతి గుర్తుచేయాలి. మామగారు రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్ తెరిచి చూపిస్తే ఆ పిల్లకు ఇట్టే అర్థమవుతుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. నోటిఫికేషన్ వార్త పక్కన చిన్న బాక్సు కట్టి, మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోమని రాయండి. ఆ పని నోటిఫికేషన్ దాకా ఆగకుండా టెన్త్ మెమో చేతికొచ్చిన వారమే చేసుకోమని కూడా రాయండి.

ఇట్లు,
కొందరు మాజీ సైనికులు,
పశ్చిమ గోదావరి జిల్లా