ఫోన్‌లో మీ పిల్లల పుట్టిన తేదీ సరిగ్గా ఉందా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏటా ఫిబ్రవరి రెండో వారంలోని మంగళవారం సేఫర్ ఇంటర్నెట్ డే. ఆ సందర్భంగా తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఈ నెల లైబ్రరీ పీరియడ్లలో ఫోన్ గురించే మాట్లాడుతున్నాం. వాళ్లు చెప్పిన ఒక సంగతి మీకు వెంటనే తెలియాలనిపించింది. అందుకే పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజుల వివరాలు ఈసారి వెనక పేజీలో వేశాం.

సంగతి ఏమిటంటే, మన పిల్లల్లో చాలామంది ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో పుట్టిన సంవత్సరం తప్పు. పదమూడేళ్లు నిండందే ఖాతా ఇవ్వరు కాబట్టి ఆరో తరగతిలో ఉండగానే అన్నదో, బాబాయిదో పుట్టిన సంవత్సరం వేసి తెరిచేశారు. కొన్ని ఇళ్లలో ఆ తేదీ వేసి ఇచ్చింది పెద్దవాళ్లే.

అందులో ఏముందిలే అనుకోకండి. ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కోసం ‘టీన్ అకౌంట్స్’ అని ప్రత్యేక ఏర్పాటు తెచ్చింది. 2024 సెప్టెంబరులో అమెరికా, బ్రిటన్ వంటి కొన్ని దేశాల్లో మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ తీసుకొచ్చింది. ఇందులో పిల్లల ఖాతా ఎవరు పడితే వాళ్లు చూడ్డానికి వీలు లేకుండా మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది. ముక్కూమొహం తెలియని వాళ్లు మెసేజ్ పెట్టలేరు. రోజుకు గంట దాటితే ఇక చాలని గుర్తుచేస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. పదహారేళ్లలోపు పిల్లలు వీటిని సడలించుకోవాలంటే అమ్మానాన్నల్లో ఒకరు ఒప్పుకోవాలి. మీరు మీ ఖాతాను పిల్లల ఖాతాతో కలుపుకుంటే, గత ఏడు రోజుల్లో వాళ్లు ఎవరెవరితో చాట్ చేశారో పేర్లు కనిపిస్తాయి. ఏం రాసుకున్నారో మాత్రం కనిపించదు. అది నాకు సరైన పద్ధతిగానే అనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లకు స్నేహితురాలితో మాట్లాడుకునే మాటలు కొన్ని ఉంటాయి. వాటిని మనం చదవనక్కర్లేదు. ఎవరితో మాట్లాడుతోందో తెలిస్తే చాలు.

ఇదంతా వయసును బట్టే పనిచేస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇరవై రెండేళ్లని వేసుకుంటే ఇన్‌స్టాగ్రామ్ సాధారణంగా వాణ్ణి ఇరవై రెండేళ్ల మనిషిగానే చూస్తుంది. అప్పుడు పైన చెప్పిన రక్షణల్లో ఏదీ వాడికి దానంతట అదే అందదు.

యూట్యూబ్‌లోనూ అంతే. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల ఖాతా అయితే ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవదు. కాసేపు విరామం తీసుకోమని, పడుకునే వేళయిందని గుర్తుచేసే సెట్టింగ్‌లు ముందే ఆన్ అయి ఉంటాయి. మన పిల్లల్లో ఎక్కువమంది చూసేది అమ్మ ఫోన్‌లో, అమ్మ ఖాతాతో. అమ్మకు ముప్పై అయిదేళ్లు కాబట్టి ఈ ఏర్పాట్లేవీ ఉండవు. చిన్న తరగతుల పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ యాప్ వేరుగా పెట్టండి. పెద్ద తరగతుల పిల్లలకు వాళ్ల సొంత వయసుతో ఖాతా తెరవండి.

వాట్సాప్ విషయానికొస్తే, అక్కడ పిల్లలకన్నా పెద్దల గురించే ఎక్కువ చెప్పాలి. 2018 వేసవి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఫోన్లలో ఒకటే మెసేజ్‌లు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే మన ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని పడుకున్నారు. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు చాటింపులతో, పాటలతో, ఇంటింటికీ తిరిగి అవి అబద్ధమని చెప్పించారు. ఆ పుకార్లకు ఆ రెండు జిల్లాల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అన్నిచోట్లా అలా జరగలేదు. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడలో అయిదుగురు సంచార జాతి వాళ్లను జనం కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్న పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితుల మీద మూక పడితే, ఒక యువ ఇంజనీరు చనిపోయాడు.

ఆ రోజుల్లో తిరిగిన వీడియోల్లో ఒకటి మా పిల్లలకు వివరించాం. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూస్తే గుండె గుభేలుమంటుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన అవగాహన చిత్రం. అసలు వీడియోలో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపేసి, పిల్లల భద్రత గురించి హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి పంపారు. పిల్లల్ని కాపాడమని తీసిన వీడియోనే మనుషుల్ని చంపించే పుకారుకు సాక్ష్యమైంది. ఇది విన్నాక పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, “మరి అది కత్తిరించారని మాకెలా తెలుస్తుంది టీచర్?” అని. మీడియా అక్షరాస్యత అంటే ఈ ప్రశ్న అడగడమేనని నా ఉద్దేశం.

ఆ హత్యల తర్వాతే వాట్సాప్ కదిలింది. మెసేజ్‌లు పంపినవాళ్లకు, అందుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించకుండా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కాబట్టి, ఏది అబద్ధమో కంపెనీ చదివి ఆపలేదు. అందుకని వేగం మీద స్పీడ్‌బ్రేకర్లు వేసింది. 2018 జులైలో ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి చేసింది. కోవిడ్ పుకార్లు ముదిరిన 2020 ఏప్రిల్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్లి, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా చేసింది. అలాంటి మెసేజ్‌ల తిరుగుడు 70 శాతం తగ్గిందని కంపెనీ అప్పట్లో ప్రకటించింది.

ఆ మెసేజ్‌ల మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. దానర్థం అబద్ధమని కాదు, నిజమనీ కాదు. మీకు పంపిన మీ అన్నయ్యో, వదినో దీన్ని రాయలేదని మాత్రమే. తెలిసినవాళ్ల నుంచి వచ్చింది కదా అని నమ్మేస్తాం. రాసింది ఎవరో పంపినవాళ్లకూ తెలియదు. ఆ గుర్తు కనిపిస్తే దాన్ని అక్కడే ఆపేయండి. అనుమానం ఉంటే తెలుగులో నిజనిర్ధారణ చేసేవాళ్లున్నారు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులో ఎప్పటికప్పుడు రాస్తున్నారు. కృత్రిమ మేధతో తయారైన గొంతులు, వీడియోలేమో అని సందేహం వస్తే అడగడానికి 2024 మార్చిలో మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ అనే నిజనిర్ధారణ సంస్థల కూటమి ఒక వాట్సాప్ టిప్‌లైన్ (మెసేజ్ పంపి అడిగే నంబరు) మొదలుపెట్టింది. అది తెలుగులో కూడా పనిచేస్తుంది.

ఈ కంపెనీలన్నీ మన మేలు కోరే చేస్తున్నాయని నేను చెప్పను. పిల్లలు ఎంత ఎక్కువసేపు చూస్తే వాటికి ప్రకటనల ఆదాయం అంత ఎక్కువ. పిల్లల మానసిక ఆరోగ్యానికి హాని చేస్తోందంటూ 2023 అక్టోబరులో అమెరికాలో 40కి పైగా రాష్ట్రాలు మెటాపై కోర్టుకెక్కాయి. టీన్ అకౌంట్స్ వచ్చింది దాని తర్వాతే. అదే మెటా 2025 జనవరిలో అమెరికాలో బయటి సంస్థలతో నిజనిర్ధారణ చేయించడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఈ రోజు ఇచ్చిన ఏర్పాటు రేపు ఉంటుందన్న భరోసా లేదు. ఉన్నంతవరకు దాన్ని పూర్తిగా వాడుకోవాలి, దాని మీదే ఆధారపడకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడం కష్టంగానే ఉంది, కానీ చెప్పక తప్పదు. అమ్మాయి పేరుతోనో, అబ్బాయి పేరుతోనో ఖాతా తెరిచి, కొన్నాళ్లు తీయగా మాట్లాడి, ఒంటిమీద బట్టల్లేని ఫొటో ఒకటి పంపించుకుని, ఆ తర్వాత డబ్బు పంపకపోతే అందరికీ పంపిస్తామని బెదిరించే ముఠాలున్నాయి. మగపిల్లలూ దీనికి బలవుతున్నారు. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే దయచేసి కొట్టకండి, తిట్టకండి. అప్పటికే పిల్ల లేదా పిల్లవాడు ప్రాణం మీదకు తెచ్చుకునేంత టెన్షన్‌లో ఉంటారు. డబ్బు పంపకండి, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. చాట్‌లు తుడిచేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఆ ఖాతాను రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పిల్లలకు సాయం కావాలంటే 1098. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ గురించి కూడా పిల్లలకు చెప్పాం. తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఒక జాతీయ కేంద్రం దీన్ని నడుపుతోంది. ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది. ఆ సంకేతాన్ని బట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి చోట్ల ఆ ఫొటో కనిపిస్తే తొలగిస్తారు. వాట్సాప్‌లాగా ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట మాత్రం ఇది పనిచేయదు. ఇంట్లో చెప్పలేకపోతే ఏ టీచర్‌తోనైనా, నాతోనైనా చెప్పమని పిల్లలకు మాట ఇచ్చాను. చెప్పినందుకు బడిలో ఏ శిక్షా ఉండదు.

మీ దగ్గర కోరేది మరొకటి ఉంది. క్లాస్ గ్రూపుల్లో ఇతరుల పిల్లల ఫొటోలు, మార్కుల కాగితాలు పెట్టకండి. సెలవు ప్రకటనలు, వ్యాక్సిన్ సంగతులు, పిల్లలు తప్పిపోయారన్న వార్తలు బడి నంబరు నుంచి వస్తే తప్ప ముందుకు పంపకండి. వారం రోజుల్లో గ్రూపు సెట్టింగ్‌లు మారుస్తాం. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరు తర్వాత అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టగలుగుతారు.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుందాం. ఇంట్లో పిల్లలు వాడే ఫోన్ వెంట తెచ్చుకోండి, పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఖాతాలో వయసు ఎలా సరిచేయాలో, మీ ఖాతాను ఎలా కలపాలో మన పదో తరగతి పిల్లలే చూపిస్తారు. వయసు మార్చేటప్పుడు ఒక్కోసారి రుజువు అడుగుతుంది కాబట్టి పిల్లల ఆధార్ దగ్గర ఉంచుకోండి. పదమూడేళ్లు నిండని పిల్లల ఖాతాలుంటే అక్కడే తీసేద్దాం. పొలం పనులు, డ్యూటీలు ఉండి ఉదయం రాలేని వాళ్ల కోసం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ల్యాబ్ తెరిచే ఉంచుతాం. స్మార్ట్‌ఫోన్ వాడటం రాని అమ్మమ్మలు, తాతయ్యలు పిల్లల్ని పెంచుతున్న ఇళ్లుంటే ఆఫీసులో పేరు రాయించండి, మా టీచర్లే ఇంటికి వస్తారు.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు