ఆ బస్సు డ్రైవర్‌గారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం కౌన్సిల్ ఒప్పుకుంది. మన అద్దె ఇళ్ల ముందున్న పెద్దరోడ్డు మీద ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ వేస్తారు. ఆ భాగంలో వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తారు. ఎప్పుడూ ఆరిపోయి ఉండే వీధి దీపాలు తీసేసి సోలార్ దీపాలు పెడతారు. రాత్రి నిద్ర పట్టలేదు, ఒళ్లు హూనమైపోయింది. అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

ఇంట్లోవాళ్లకు థాంక్స్. ఇన్ని నెలలూ నన్ను భరించారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పాల్సింది ఒకావిడ గురించి. ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి పేరు రాయొద్దన్నారు. మన రోడ్డు మీద తిరిగే బస్సు నడుపుతారు. నేను స్టాపులో నిలబడి సంతకాలు అడుగుతుంటే రోజూ అద్దంలోంచి చూస్తూ వెళ్లేవారట. నాకు తెలియదు. ఒకరోజు ఎక్కేవాళ్లు ఎక్కేశాక కూడా తలుపు మూయకుండా, "ఆ కాగితాలేంటమ్మా?" అని అడిగారు. చెప్పాను. "నాకూ కొన్ని ఇవ్వండి" అని చేయి చాపారు. తర్వాత తిరిగిచ్చినప్పుడు వాటినిండా డిపోలో డ్రైవర్ల సంతకాలు. వాళ్లెవరూ మన ఇళ్లలో ఉండరు. ఈ క్రాసింగ్ వస్తే వాళ్ల బస్సులే కాస్త నెమ్మదించాలి. అయినా పెట్టారు.

కాగితాలతో పాటు ఒక చిన్న నోటుబుక్కు కూడా ఇచ్చారు. మన దగ్గర ఎవరైనా అడ్డం వచ్చి సడన్ బ్రేక్ వేసిన ప్రతిసారీ, బస్సు ఆగాక, అందులో ఒక లైను రాసుకునేవారు. తేదీ, టైము, ఎవరు అన్నది. "చేతికర్ర పెద్దాయన." "స్కూలు పిల్లలు, చిన్నది చెయ్యి వదిలేసింది." "చంకలో బిడ్డతో ఆవిడ, చీకటి, కనపళ్లేదు." ప్రతి లైను చివరా "తప్పింది" అని ఉంది. ఎవరూ అడగలేదు ఆవిడను. ఎవరికి చూపించాలో తెలియకుండానే అలా రాస్తూ వచ్చారు.

ఆ పుస్తకం ఎంత పనిచేసిందో తెలియాలంటే కౌన్సిల్ ఆఫీసులో మాకు ఎదురైనదేంటో చెప్పాలి. చెప్పకుండా ఉండలేను కూడా. మేము వెళ్లిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ ఎన్ని ప్రమాదాలు నమోదయ్యాయి?" అంటే ఎవరైనా పోతేనే ఫైలు కదులుతుంది. రెండో ప్రశ్న: "దాటేవాళ్ల సంఖ్య సరిపోదు కదా?" ఎలా సరిపోతుంది? భయంతో దాటకుండా, చుట్టూ తిరిగి పైన ఉన్న సిగ్నల్ దాకా నడిచి వెళ్తున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. ముసలివాళ్లు అసలు బయటికే రావడం మానేశారు, వాళ్లూ రారు. అద్దె తక్కువ ఇళ్లు ఎక్కడ కడతారు? భూమి చవగ్గా దొరికే చోట, అంటే ఇలాంటి రోడ్డు పక్కనే. కట్టేశాక ఆ ఇళ్లలోవాళ్లు రోడ్డెలా దాటాలన్నది ఎవరి ఫైల్లోనూ ఉండదు.

మధ్యలో ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఇస్తామన్నారు. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి అన్ని మెట్లెలా ఎక్కుతాడు? మోకాళ్లు పట్టేసిన ఆవిడ ఎలా ఎక్కుతుంది? కార్లు ఆగనక్కర్లేకుండా మనుషుల్ని ఆకాశంలోకి పంపే ఏర్పాటు అది. వద్దన్నందుకు మమ్మల్ని మొండివాళ్లన్నారు.

ఢీకొట్టడం దాకా రాకుండా త్రుటిలో తప్పిన ఘటనల్ని లెక్కపెట్టి ఒక చోటు ఎంత ప్రమాదకరమో తేల్చే పద్ధతి ఒకటి ఉందని, స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాని మీద దశాబ్దాల కిందటే పనిచేశారని మాతో ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టారు. మా డ్రైవర్‌గారు ఆ పేరు కూడా వినలేదు. ఆవిడ నోటుబుక్కు అచ్చంగా అదే.

కౌన్సిల్ మా మాట వినే హియరింగ్ పనిరోజున పెట్టారు, అదీ పట్టపగలు. కూలికి వెళ్లేవాళ్లు ఎలా వస్తారో మరి. మా అంశాన్ని జరిపి జరిపి చివర్లో పడేశారు. అప్పటికి సగంమంది వెళ్లిపోయారు. మనిషికి రెండు నిమిషాలన్నారు. నేను లెక్కలు చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న డ్రైవరు మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక్క సెకను పట్టినా, ఆలోపే బండి దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. 30లో అయితే 8 మీటర్లు. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. మనుషులూ బళ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30 దాటనివ్వొద్దని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు చెప్పింది. సగానికి పైగా వీధుల్లో 30 పరిమితి పెట్టుకున్న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2024 జూలై నుంచి 2025 జూలై దాకా ట్రాఫిక్ ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. చెప్తూనే ఉన్నాను, ఎదురుగా ఒకాయన ఫోన్ చూసుకుంటున్నారు.

నా తర్వాత ఆవిడ లేచారు. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాంలోనే, నిద్ర లేకుండా వచ్చారు. వాదన ఏమీ చేయలేదు. నోటుబుక్కు తెరిచి, లైను తర్వాత లైను, ఒకే గొంతుతో చదివారు. గంట మోగింది. ఇంకా సగం కూడా కాలేదు. వెనక వరుసలో, మాలో ఎవరికీ తెలియని ఒక పెద్దాయన చెయ్యెత్తి "నా టైము ఆవిడకివ్వండి" అన్నారు. ఆయన పక్కాయనా అదే అన్నారు. ఫోన్ చూసుకుంటున్నాయన తలెత్తారు. చివరిదాకా దించలేదు.

బయట వరండాలో నాకు ఏడుపు ఆగలేదు. అన్ని నెలల టెన్షన్ అంతా అక్కడే బయటపడింది. ఆవిడ వచ్చి నా భుజం పట్టుకుని నిలబడ్డారు. "నాకూ వస్తుందమ్మా, బ్రేకు నొక్కిన ప్రతిసారీ. కానీ వెనక అంతమంది కూర్చుని ఉంటారు కదా, పోనివ్వాలి" అన్నారు. అని, మళ్లీ డ్యూటీకి టైమవుతోందని వెళ్లిపోయారు. సరిగ్గా థాంక్స్ కూడా చెప్పుకోలేకపోయాను. అమ్మా, మీరు ఇది చదువుతారో లేదో తెలియదు. మా పిల్లలు రోడ్డు దాటుతుంటే ఇక మీ బస్సు నెమ్మదిగా వస్తుంది. మీరు బ్రేకు మీద పడాల్సిన పని ఉండదు. మీకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

వెనక వరుసలోని ఆ ఇద్దరికీ నమస్కారం. మీరెవరో ఎవరైనా చెప్తే బాగుండు.

వానలో నిలబడి బళ్ల వేగం కొలిచిన విద్యార్థులకు, ఆఖరి తేదీ మారిందని చెప్పిన ఆ ఆఫీసు గుమాస్తాగారికి (ఆయన చెప్పకపోతే అంతా పోయేది), హియరింగ్ రోజున మా అందరి పిల్లల్నీ ఒక్కతే చూసుకున్న కింది అంతస్తు అమ్మాయికి, పిటిషన్ భాష సరిచేసిన టీచరుగారికి చాలా చాలా థాంక్స్.

ఇంకా పని మిగిలే ఉంది. పైనున్న సిగ్నల్లో నడిచేవాళ్లకిచ్చే టైము పెంచమని అడిగాం, అది తేలలేదు. సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారనుకుని లెక్క వేస్తారు. 18 మీటర్ల రోడ్డుకు 15 సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లే నడవగలిగే ముసలావిడకు 22 సెకన్లు దాటుతుంది, అప్పటికి పచ్చ లైటు పోయి ఉంటుంది. డాబాల మీద సోలార్ పలకల సంగతీ అంతే. పెట్టుబడి ఇంటి ఓనరుది, కరెంటు బిల్లు తగ్గేది అద్దెకున్నవాళ్లకి, అందుకని ఎవరూ ముందుకు రావడం లేదు. అవి పెట్టారని అద్దె పెంచకుండా రాతపూర్వకంగా హామీ కావాలని అడుగుతున్నాం. వచ్చే మీటింగుకు మాట్లాడేవాళ్ల పేర్లు మళ్లీ ముందే ఇవ్వాలి, రాగలిగినవాళ్లు నాకు చెప్పండి.

అయ్యో, వీల్‌చెయిర్‌లో వచ్చి ఆ బ్రిడ్జి మెట్ల బొమ్మ ముందు ఆగి "నన్నెవరు మోస్తారు?" అని అడిగిన అన్నయ్యను వదిలేశాను. అన్నా, బ్రిడ్జి మాట వాళ్లు మళ్లీ ఎత్తకపోవడానికి కారణం మీరే. ఫొటోకాపీలకు డబ్బు తీసుకోని తమ్ముడికి కూడా థాంక్స్.